సిలికాన్ ముఖం కడిగిన శాస్త్రవేత్త ముహమ్మద్ అతల్లా

విజ్ఞానశాస్త్ర చరిత్రలో ముస్లింల పాత్ర అనే అంశం మీద మన సభలలో ప్రసంగాలు జరిగినప్పుడు ఒక ఆనవాయితీ కనిపిస్తుంది. వక్త బాగ్దాదుతో మొదలుపెడతారు, కొర్దోబాతో ముగిస్తారు. ఇబ్నె సీనా వైద్యం, అల్ ఖ్వారిజ్మీ గణితం, ఇబ్నుల్ హైసమ్ కాంతిశాస్త్రం గురించి నాలుగు మాటలు చెబుతారు. ఆ మహనీయుల ఘనతను ఎవరూ కాదనలేరు. అయితే వింటున్న పిల్లవాడు లోలోపల లెక్క వేసుకుంటాడు. వీరందరూ వెయ్యేళ్ళ కిందటి వారు కదా, ఆ తర్వాత ఎవరూ లేరా అన్న ప్రశ్న వాడి మనసులో మెదులుతుంది. ఆ సమయానికి పక్కనే కూర్చున్న తండ్రి జేబులో సెల్‌ఫోను ఉంటుంది. ఆ ఫోను లోపల కంటికి కనిపించని విద్యుత్ స్విచ్చులు వందల కోట్లు ఉంటాయి. అటువంటి స్విచ్చును మొట్టమొదట పనిచేయించి చూపిన ఇద్దరిలో ఒకరి పేరు ముహమ్మద్ అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఆయన పూర్తి పేరు ముహమ్మద్ ముహమ్మద్ అతల్లా. అరబ్బీలో అతా అంటే బహుమానం, ప్రసాదం. అతల్లా అంటే అల్లాహ్ ప్రసాదించినవాడు. మన వైపు అతావుల్లా అని పెట్టుకునే పేరే ఇది. అమెరికాలో సహోద్యోగులు ఆయనను జాన్ అని పిలిచేవారు. కొన్ని పుస్తకాలలో మార్టిన్ అతల్లా అని కనిపిస్తుంది. పరిశోధనా పత్రాలలో ఎం.ఎం. అతల్లా అని మాత్రమే ఉంటుంది. ఒకే మనిషి పేరు ఇన్ని రకాలుగా ఉండటం కూడా మన పాఠకులకు ఆయన తెలియకపోవడానికి ఒక కారణం కావచ్చు.

ఆయన సాధించినది ఏమిటని ఒక్క మాటలో అడిగితే, సిలికాన్ అనే పదార్థం ముఖాన్ని కడిగి, దానిని తగిన వేడికి గురిచేసి, దాని మీద ఒక పలుచని రక్షణ పొరను పెంచడం అని చెప్పాలి. వినడానికి ఇది చాలా చిన్న పనిలా ఉంటుంది. నేటి కంప్యూటరు యుగం ఆ చిన్న పని మీదనే నిలబడి ఉంది.

పోర్ట్ సయీద్ నుంచి పర్డ్యూ వరకు

ఉర్దూలో మనం మిస్ర్ అని పిలుచుకునే ఈజిప్టు దేశంలో, సూయెజ్ కాలువ మధ్యధరా సముద్రంలో కలిసే చోట పోర్ట్ సయీద్ అనే రేవు పట్టణం ఉంది. అతల్లా 1924 ఆగస్టు 4న అక్కడ జన్మించారు. కైరో విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యాక పై చదువులకు అమెరికా వెళ్ళారు. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు చదివి 1947లో మాస్టర్స్ పట్టాను, 1949లో డాక్టరేటును పొందారు.

ఆయన చదివినది మెకానికల్ ఇంజనీరింగు అన్న విషయాన్ని పాఠకులు ప్రత్యేకంగా గమనించాలని మా కోరిక. ఆయన ఎలక్ట్రానిక్స్ విద్యార్థి కారు. యంత్రాలు, వేడి, వాయువుల ప్రవాహం, లోహాల అరుగుదల వంటివి ఆయన విద్యలోని అంశాలు. ముందుముందు ఆయనకు అక్కరకు వచ్చినది కూడా ఈ విద్యే.

నిప్పురవ్వల దగ్గర మొదలైన పరిశోధన

డాక్టరేటు పూర్తయ్యాక అతల్లా బెల్ ప్రయోగశాలలో చేరారు. అమెరికా టెలిఫోను సంస్థకు చెందిన ఈ పరిశోధనాలయం ఆ రోజులలో ప్రపంచంలోకెల్లా పేరుపొందినది. ఆయన చేరడానికి కొద్దికాలం ముందే, 1947 డిసెంబరులో, బార్డీన్, బ్రాటెన్ అనే శాస్త్రవేత్తలు అక్కడ ట్రాన్సిస్టరును కనుగొన్నారు. షాక్లీతో కలిపి ఆ ముగ్గురికీ 1956లో నోబెల్ బహుమతి లభించింది.

అతల్లాకు మొదట అప్పగించిన పని ఇంత ఆకర్షణీయమైనది కాదు. టెలిఫోను ఎక్స్‌ఛేంజీలలో టకటకలాడే రిలే స్విచ్చుల లోహపు మొనలు ఎందుకు చెడిపోతున్నాయో పరిశీలించడం ఆయన పని. రెండు లోహపు మొనలు కలిసి విడిపోయే ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వకు మొన కాలుతుంది, నల్లబడుతుంది, కొన్నాళ్ళకు కరెంటును పోనివ్వదు. పాత స్కూటర్లు నడిపినవారికి ఇది తెలిసిన సంగతే. బండి స్టార్టు కాకపోతే మెకానిక్ కాంటాక్టు పాయింటును ఊడదీసి, గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది మళ్ళీ బిగించేవాడు. ఇంజను అంతా బాగానే ఉన్నా, గోరంత మొన మీద పేరుకున్న మసి బండిని ఆపివేస్తుంది.

అతల్లా ఈ రవ్వల మీద 1950ల తొలినాళ్ళలో వరుసగా పరిశోధనా పత్రాలు రాశారు. వస్తువు లోపల ఎంత మంచిదైనా, పైముఖం చెడితే అది పనికిరాదన్న సంగతి ఆయనకు ఈ పనిలో బాగా తెలిసివచ్చింది. 1950ల రెండవ భాగంలో ఆయన దృష్టి రిలేల నుంచి సిలికాన్ వైపు మళ్ళింది.

పైముఖంలో దాగిన చిక్కు

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. రాగి తీగలో కరెంటు ధారాళంగా పారుతుంది. గాజులో పారదు. ఈ రెండింటికీ నడుమ ఉండే పదార్థాలను అర్ధవాహకాలు అంటారు. సిలికాన్, జెర్మేనియం అటువంటివి. వీటిలో ఫాస్ఫరస్, బోరాన్ వంటి వాటిని లేశమాత్రం కలిపితే కరెంటు పారే తీరును మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. తొలి ట్రాన్సిస్టర్లు జెర్మేనియంతో చేసినవి. దానికి వేడిని తట్టుకునే శక్తి తక్కువ. సిలికాన్ వేడిని తట్టుకుంటుంది, ఇసుకలో కావలసినంత దొరుకుతుంది. కాని దానితో ఒక చిక్కు ఉంది.

సిలికాన్ స్ఫటికం లోపల ప్రతి అణువూ చుట్టూ ఉన్న నాలుగు అణువులతో చేతులు కలిపి ఉంటుంది. స్ఫటికం అంచుకు వచ్చేసరికి బయటి వైపు అణువులు ఉండవు కాబట్టి కొన్ని చేతులు గాలిలో వేలాడుతూ మిగిలిపోతాయి. ఆ ఖాళీ చేతులు అటుగా వచ్చిన ఎలక్ట్రాన్లను పట్టుకుని వదలవు. దీనికి తోడు గాలిలోని తేమ, దుమ్ము, చేతి జిడ్డు ఆ ముఖం మీద చేరి ఒక్కొక్క రోజు ఒక్కొక్క విధంగా ప్రవర్తిస్తాయి. ఉదయం పనిచేసిన పరికరం సాయంత్రానికి మొరాయిస్తుంది.

ఒక లోహపు రేకును సిలికాన్ దగ్గరగా ఉంచి, దానికి వోల్టేజి ఇచ్చి, లోపలి కరెంటును కుళాయి తిప్పినట్టు పెంచవచ్చు, తగ్గించవచ్చు అన్న ఆలోచన 1920ల నాటిదే. లిలియన్‌ఫెల్డ్ అనే శాస్త్రవేత్త అప్పుడే పేటెంటు కోరారు. 1945లో షాక్లీ కూడా ప్రయత్నించి విఫలమయ్యారు. కారణం ఈ పైముఖమే. లోహపు రేకు పిలుపుకు లోపలి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లన్నీ పైముఖంలోని ఉచ్చులలోనే చిక్కుకుపోతున్నాయని బార్డీన్ వివరించారు. జబ్బు ఏమిటో తెలిసింది. మందు మాత్రం పదేళ్ళకు పైగా దొరకలేదు.

కళాయి పని తెలిసినవారికి అర్థమయ్యే సంగతి

అతల్లా కనుగొన్న మందును వివరించడానికి మా బంగారుపాళ్యం పరిసరాలలో పెద్దలు ఎరిగిన ఒక వృత్తిని గుర్తుచేస్తాము. స్టీలు సామాను రాకముందు ప్రతి ఇంటా రాగి, ఇత్తడి పాత్రలే ఉండేవి. వాటిలో పులుపు వండితే చిలుము పట్టి వంట విషమయ్యేది. అందుకని కళాయి సాయిబులు ఊరూరా తిరిగి పాత్రల లోపల తగరపు పూత వేసేవారు. తిత్తితో నిప్పు రాజేసి చేసే ఆ పనిలో ఒక క్రమం ఉంది. మొదట పాత్రను ఇసుకతో, కారంతో, ఆమ్లంతో తోమి జిడ్డూ చిలుమూ పోగొట్టాలి. తర్వాత బొగ్గుల మీద తగినంత కాల్చాలి. కాలిన పాత్రలో నవాసారం చల్లితే తెల్లని పొగ లేస్తుంది. వెంటనే తగరం ముక్కను తాకించి, దూదితో అద్ది తిప్పితే కాగితం కన్నా పలుచని వెండివన్నె పొర పాత్రకు అతుక్కుంటుంది.

తోమకుండా కాల్చితే ఏమవుతుంది? జిడ్డు ఉన్నచోట తగరం అంటదు, పూసలు పూసలుగా జారిపోతుంది. పైగా ఆ జిడ్డు కాలి నల్లగా పాత్రకు పట్టుకుంటుంది. తోమి వేడి చాలకపోతే పొర నిలవదు. వేడి మించితే తగరం మాడిపోతుంది. శుభ్రతా వేడీ రెండూ కుదిరినప్పుడే పాత్రకు కళ వస్తుంది.

అతల్లా బృందం సిలికాన్ పలకలతో చేసిన పనిలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. మొదట పలక ముఖాన్ని రసాయనాలతో జాగ్రత్తగా శుభ్రం చేశారు. తర్వాత దానిని సుమారు వెయ్యి డిగ్రీల సెల్సియస్ వేడిగల కొలిమిలో ఉంచి ఆక్సిజన్ పంపారు. వేడికి ఆక్సిజన్ సిలికాన్‌తో కలిసి, పలక మీద గాజు వంటి పలుచని పొరగా పెరిగింది. దానినే సిలికాన్ డయాక్సైడ్ అంటారు.

కళాయికీ దీనికీ ఒక తేడా ఉంది. తగరం బయటి నుంచి వచ్చి చేరుతుంది. సిలికాన్ మీది పొర సిలికాన్ నుంచే పుడుతుంది. ఇనుముకు పట్టే తుప్పు లాంటిదే అనుకోవచ్చు. అయితే ఇనుము తుప్పు పొరలుగా రాలిపోయి ఇనుమును తినేస్తుంది, సిలికాన్ తుప్పు గట్టిగా అతుక్కుని సిలికాన్‌ను కాపాడుతుంది. నూరు పాళ్ళ మందాన ఆ పొర పెరిగితే దాదాపు 44 పాళ్ళ మేర సిలికాన్ దానిలో కలిసిపోతుంది. అంటే పలక యొక్క పాత ముఖం ఆ పొరలో లీనమై, దాని కింద లోపలి నుంచి సరికొత్త ముఖం ఏర్పడుతుంది. గాలి తగలని, చెయ్యి తగలని ముఖం అది. వేలాడుతున్న చేతులలో అత్యధిక భాగానికి ఆక్సిజన్ తోడు దొరికింది. ఎలక్ట్రాన్లను పట్టే ఉచ్చులు బాగా తగ్గిపోయాయి.

అతల్లా, టానెన్‌బామ్, షైబ్నర్ ముగ్గురూ కలిసి రాసిన ఈ పరిశోధన 1959లో బెల్ సంస్థ పత్రికలో వెలువడింది. ఈ యశస్సు ఒక్కరిదే కాదని కూడా న్యాయంగా చెప్పాలి. అదే ప్రయోగశాలలో ఫ్రాష్, డెరిక్ అనేవారు 1955లో కొలిమిలో అనుకోకుండా నీటి ఆవిరి చేరగా సిలికాన్ మీద ఇటువంటి పొర ఏర్పడటాన్ని గమనించారు. ఆ పొరను సిలికాన్ ముఖానికి చికిత్సగా మలచి, శుభ్రతకూ వేడికీ గల సంబంధాన్ని పద్ధతిగా పరిశోధించినది అతల్లా బృందం. అదే 1959లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో జాన్ హోర్నీ ఆక్సైడ్ పొరను ట్రాన్సిస్టరు మీద అలాగే ఉంచివేసే పద్ధతిని రూపొందించారు. చిప్పుల తయారీకి అది రాచబాట అయింది.

1959: ఒక కొరియన్, ఒక ఈజిప్షియన్

ముఖం చక్కబడ్డాక పాత ఆలోచన మళ్ళీ లేచి కూర్చుంది. లోహం, దాని కింద ఆక్సైడ్, దాని కింద సిలికాన్. ఈ మూడంతస్తుల అమరికతో కరెంటును కుళాయిలా తిప్పవచ్చునని అతల్లా భావించారు. సియోల్‌లో పుట్టి కొత్తగా బెల్ ప్రయోగశాలలో చేరిన డావన్ కాంగ్ అనే యువకుడితో కలిసి 1959లో దానిని చేసి చూపారు. ఆక్సైడ్ మందం మన తలవెంట్రుకలో సుమారు వెయ్యో వంతు. 1960లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో దీనిని ప్రకటించారు. ఈ పరికరానికే మాస్ ట్రాన్సిస్టరు అని పేరు.

ఇంతటి ఆవిష్కరణకు వెంటనే బ్రహ్మరథం పట్టి ఉంటారని పాఠకులు అనుకోవచ్చు. అలా జరగలేదు. అప్పటి ఇతర ట్రాన్సిస్టర్లతో పోలిస్తే ఇది నెమ్మదిగా పనిచేసేది. నమ్మకంగా నిలిచేది కూడా కాదు. బెల్ సంస్థ దీని మీద ఆసక్తి చూపలేదు. అతల్లా 1961లో ఆ ప్రయోగశాలను వదిలి కాలిఫోర్నియాలోని హ్యూలెట్ పాకార్డ్ అనుబంధ సంస్థలో అర్ధవాహకాల పరిశోధనకు సారథ్యం వహించడానికి వెళ్ళిపోయారు. ఆయన విడిచిన పనిని ఇతర సంస్థలు అందుకున్నాయి. 1964 నాటికి మాస్ ట్రాన్సిస్టర్లు బజారులోకి వచ్చాయి. 1971లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన తొలి మైక్రోప్రాసెసరు ఈ తరహా ట్రాన్సిస్టర్లతోనే తయారైంది. మనిషి తయారు చేసిన వస్తువులన్నింటిలోకీ సంఖ్యలో అత్యధికం ఇదేనని కంప్యూటరు చరిత్రకారులు లెక్కగట్టారు.

చెమటలోని ఉప్పు చేసిన పని

మాస్ ట్రాన్సిస్టరు మొదట్లో ఎందుకు మొరాయించింది? ఈ ప్రశ్నకు దొరికిన జవాబు మా విద్యార్థులకు చెప్పినప్పుడల్లా వారిని ఆశ్చర్యపరుస్తుంది. పరికరం కొంచెం వేడెక్కి, వోల్టేజి తగిలితే చాలు, దాని గుణం మారిపోయేది. ఎన్నో సంస్థలు తలలు పట్టుకున్నాయి. 1960ల మధ్యలో ఫెయిర్‌చైల్డ్ సంస్థకు చెందిన స్నో, గ్రోవ్, డీల్, సా అనే నలుగురు దొంగను పట్టుకున్నారు. ఆ దొంగ సోడియం. మనం కూరలో వేసుకునే ఉప్పులో ఉండేదే. మన వేళ్ళ చెమటలో ఉండేదే. కొలిమి గొట్టంలో, రసాయనాలలో, లోహపు పూతలో ఎక్కడో లేశమాత్రం ఉన్న సోడియం ఆక్సైడ్ పొరలోకి దూరి, వేడి తగిలినప్పుడు అటూ ఇటూ కదులుతూ పరికరాన్ని తప్పుదారి పట్టించేది.

ఇందులో ఒక సూత్రం ఉంది. వేడికి మంచి చెడుల విచక్షణ లేదు. శుభ్రమైన పలకను కొలిమిలో పెడితే వేడి దాని మీద రక్షణ పొరను పెంచుతుంది. మురికి పలకను పెడితే అదే వేడి మురికిని లోతుకు తోస్తుంది. రాగి, ఇనుము, బంగారం వంటి లోహాల అణువులు ఆ వేడిలో సిలికాన్ లోపలికి ఎంతో వేగంగా చొరబడతాయి. కొలిమిలో పెట్టకముందు తుడిస్తే పోయే మరక, పెట్టిన తర్వాత ఏం చేసినా పోదు. అందుకే కడగడం ముందు, కాల్చడం తర్వాత.

ఈ కడగడాన్ని శాస్త్రబద్ధం చేసినవారు ఆర్.సి.ఎ. అనే అమెరికన్ సంస్థలోని వెర్నర్ కెర్న్. 1965లో రూపొందించి 1970లో ప్రకటించిన ఆయన పద్ధతి నేటికీ చిప్పుల కర్మాగారాలలో ప్రామాణికం. అందులో రెండు స్నానాలు ఉంటాయి. మొదటిది అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన వేడి నీటితో. జిడ్డూ దుమ్మూ దీనితో పోతాయి. రెండవది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెరాక్సైడ్ కలిపిన వేడి నీటితో. లోహపు మరకలు దీనితో పోతాయి. చిత్రమేమిటంటే, మన కళాయి సాయిబు చల్లే నవాసారాన్ని వేడిచేస్తే విడిపోయేది కూడా ఈ అమ్మోనియా, ఈ హైడ్రోక్లోరిక్ ఆమ్లాలుగానే. అందులోని ఆమ్లమే రాగి మీది చిలుమును తినివేసి తగరానికి దారి ఇస్తుంది. ఉర్దూలో నౌషాదర్ అనే ఈ నవాసారం జాబిర్ ఇబ్నె హయ్యాన్ పేరున వచ్చిన అరబ్బీ గ్రంథాలలో ప్రముఖంగా కనిపించే పదార్థం. పల్లెలో తిత్తి ఊదే పనివాడికీ, తెల్లని దుస్తులలో చిప్పు తయారు చేసే ఇంజనీరుకూ ఎదురయ్యే సమస్య ఒక్కటే, ముఖం కడగడం.

వేడితో చేసే వైద్యం పొర పెంచడంతో ముగియదు. ఆక్సైడ్ పెరిగిన తర్వాత కూడా కొన్ని ఖాళీ చేతులు మిగులుతాయి. పలకను హైడ్రోజన్ కలిసిన వాయువులో 400 నుంచి 450 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచితే హైడ్రోజన్ అణువులు లోపలికి వెళ్ళి ఆ చేతులను పట్టుకుంటాయి. పెద్ద మంటతో కానిది ఈ చిన్న మంటతో అవుతుంది.

బ్యాంకు రహస్యానికి కాపలా

అతల్లా జీవితంలోని మరొక అధ్యాయం కూడా మన నిత్యజీవితాన్ని తాకుతుంది. ఆయన 1969లో ఫెయిర్‌చైల్డ్ సంస్థకు మారి, కొద్ది సంవత్సరాలలోనే అర్ధవాహకాల రంగానికే వీడ్కోలు పలికారు. అప్పుడప్పుడే బ్యాంకులు డబ్బిచ్చే యంత్రాలను ప్రవేశపెడుతున్నాయి. కార్డు పెట్టి రహస్య సంఖ్య నొక్కితే డబ్బు వస్తుంది సరే, ఆ సంఖ్య తీగల వెంట బ్యాంకుకు చేరేలోగా ఎవరైనా దొంగిలిస్తే? అతల్లా తన పేరుతోనే ఒక సంస్థను స్థాపించి, ఆ సంఖ్యను గూఢలిపిలోకి మార్చి భద్రపరిచే యంత్రాన్ని 1973 నాటికి తయారు చేశారు. దానిని అతల్లా పెట్టె అని పిలిచేవారు. బ్యాంకులు దానిని విరివిగా స్వీకరించాయి. 1987లో ఆ సంస్థ టాండెం కంప్యూటర్స్‌లో విలీనమైంది.

మెకానికల్ ఇంజనీరింగు చదివిన మనిషి మొదట రిలే మొనలను, తర్వాత సిలికాన్ ముఖాన్ని, చివరకు బ్యాంకు రహస్యాలను పట్టించుకున్నారు. మూడు చోట్లా ఆయన చూసినది ఒక్కటే. బయటి ప్రపంచం లోపలి దానిని తాకే సరిహద్దు ఎక్కడ ఉందో, అక్కడే చెడు ప్రవేశిస్తుంది. కాపలా అక్కడే ఉండాలి.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. నోబెల్ బహుమతి ఆయనకు దక్కలేదు. ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ వారు 1975లో స్టువర్ట్ బాలంటైన్ పతకాన్ని ఇచ్చారు. 2009లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల ప్రఖ్యాత మందిరంలో కాంగ్ పేరుతో పాటు ఆయన పేరు చేరింది. అప్పటికి కాంగ్ మరణించి 17 ఏళ్ళు గడిచాయి. ఆ సంవత్సరమే డిసెంబరు 30న అతల్లా కాలిఫోర్నియాలోని ఆథర్టన్‌లో 85 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

తిరుపతిలోనూ ఇదే విద్య

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోవద్దు. తిరుపతిలో 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని భౌతికశాస్త్ర విభాగం అర్ధవాహకాల పలుచని పొరల పరిశోధనకు దశాబ్దాలుగా పేరు పొందింది. మన జిల్లాల పిల్లలు చదివే చోటు అది. రాగి, ఇండియం, సెలీనియం కలిసిన పొరలు, తగరం, గంధకం కలిసిన పొరలు, రాగి ఆక్సైడ్ పొరలు అక్కడ పరిశోధకులు గాజు పలకల మీద పెంచి చూస్తూ వచ్చారు. సూర్యకాంతిని తక్కువ ఖర్చుతో కరెంటుగా మార్చడం వీటి ముఖ్య ఉద్దేశం.

ఇటువంటి ప్రయోగశాల ఏదైనా సరే, పరిశోధక విద్యార్థి మొదట నేర్చుకునే పాఠం గాజు పలకను కడగడం. సబ్బు ద్రావణం, ఆమ్లం, స్వేదనజలం, అసిటోన్ ఒకదాని తర్వాత ఒకటి. వేలిముద్ర పడిందంటే పొర అక్కడ ఊడివస్తుంది. రెండవ పాఠం వేడి. అప్పుడే ఏర్పడిన పొరలో స్ఫటికాలు చిన్న చిన్న రేణువులుగా ఉంటాయి. ఒక రేణువుకూ మరొక రేణువుకూ మధ్య సరిహద్దు దాటేటప్పుడు ఎలక్ట్రాన్లు చిక్కుకుంటాయి. తగిన వేడిలో కొంతసేపు ఉంచితే చిన్న రేణువులు కలిసి పెద్దవి అవుతాయి. కాచిన నెయ్యిని నిదానంగా చల్లారనిస్తే పూసకట్టినట్టు అన్నమాట. అయితే వేడి మించితే గంధకం, సెలీనియం వంటివి ఆవిరై పొర గుణమే మారిపోతుంది. రాగి ఆక్సైడ్‌లో ఒక రకాన్ని గాలిలో ఎక్కువగా వేడిచేస్తే మరింత ఆక్సిజన్ పీల్చుకుని నల్లని వేరొక ఆక్సైడ్ అయిపోతుంది. ఎంత వేడి, ఎంతసేపు, ఏ గాలిలో అన్న మూడు ప్రశ్నలకు ఒక్కొక్క పదార్థానికి జవాబు కనుక్కోవడానికే కొందరి పరిశోధనా కాలమంతా సరిపోతుంది.

ఇప్పుడు మన ఊళ్ళలో ఇళ్ళ కప్పుల మీద, బోరుబావుల దగ్గర సౌర ఫలకాలు కనిపిస్తున్నాయి. వాటిలో అత్యధికం సిలికాన్‌వే. సూర్యకాంతి పుట్టించిన ఎలక్ట్రాన్లు ముఖంలోని ఉచ్చులలో చిక్కి వృథా కాకుండా ఆ ఫలకాల ముందు వెనుక ముఖాలకు పలుచని రక్షణ పొరలు వేస్తారు. అతల్లా తరం నేర్పిన ముఖ చికిత్సే ఈ రూపంలో మన మేడ మీదికి వచ్చింది.

తల్లిదండ్రులతో ఒక మాట

మన కుటుంబాలలో చేతిపని వేరు, చదువు వేరు అన్న భావన బలంగా ఉంది. మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రవాడు ఇక చదువుకు పనికిరాడనీ, చదువుకునే కుర్రవాడు చేతికి మసి అంటించుకోకూడదనీ అనుకుంటాము. పదవ తరగతి దాటగానే సైన్సు కష్టమని ఆపించివేసే ఇళ్ళూ ఉన్నాయి. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. అతల్లా జీవితం చూస్తే ఈ గోడకు ఆధారం కనిపించదు. కాలిన రిలే మొన ఎందుకు చెడిందో ఓపికగా చూసిన కన్నే సిలికాన్ ముఖాన్నీ చూసింది. కళాయి వేసే తండ్రికి తెలిసిన క్రమం, ప్రయోగశాలలో కూతురు నేర్చుకోవలసిన క్రమం ఒకటే. తండ్రి దగ్గర అనుభవం ఉంది, కారణం చెప్పే మాటలు లేవు. ఆ మాటలు చదువు ఇస్తుంది.

కాబట్టి ఇకమీదట సభలలో ఇబ్నె సీనా పేరు, ఇబ్నుల్ హైసమ్ పేరు తప్పకుండా చెప్పుదాం. ఆ వరుసలో పోర్ట్ సయీద్ వాసి ముహమ్మద్ అతల్లా పేరు కూడా చేర్చుదాం. పిల్లవాడు ఆయన ఏం చేశారని అడిగితే, గొప్ప గొప్ప మాటలు అక్కరలేదు. ఇంట్లో అటక మీద పాత కళాయి గిన్నె ఉంటే దించి చూపించి, ఆ పొర ఎలా నిలిచిందో చెప్పండి. తర్వాత సెల్‌ఫోను చూపించండి. మిగతాది వాడే అడుగుతాడు. అడిగినప్పుడు విసుక్కోకుండా, సైన్సు మాస్టారు దగ్గరకు పంపించండి.